సొంత పొలంలో ఇల్లు కట్టుకోవడానికీ నాలా కావాలా?

వెంకీ_జగిత్యాల: బాపు పేరు మీద నాలుగెకరాలుంది. రోడ్డు పక్క పది గుంటల్లో ఇల్లు కడదామంటే పంచాయతీ కార్యదర్శి ముందు నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చిన కాగితం, తెమ్మంటున్నాడు. ఊళ్లో సగం మంది పొలాల్లోనే కట్టుకున్నారు, వాళ్లనెవరడిగారు?

కరీంనగర్_మామ: అడగకపోతే అక్కర్లేదని కాదు. 2006 చట్టం ప్రకారం వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే కన్వర్షన్ తప్పనిసరి. జీహెచ్ఎంసీ బయట ఫీజు 3 శాతం. చేయించకుండా కట్టి దొరికితే ఆ ఫీజు మీద ఇంకో సగం జరిమానా. నాలా వచ్చాక చిన్న ఇంటికైతే పంచాయతీయే పర్మిషన్ ఇస్తుంది.

రైతుబిడ్డ74: 3 శాతమా! మా దిక్కు రోడ్డు మీద ఎకరం కోటి. పది గుంటలకే 75 వేలు. సొంత భూమిలో ఉండటానికి కిరాయా?

కరీంనగర్_మామ: కోటి మీద కాదు, ప్రభుత్వ విలువ మీద. అది అందులో ఏ మూలకీ రాదు.

రైతుబిడ్డ74: ఆ విలువే 2021లో పెంచారు, 2022లో మళ్లీ పెంచారు. రేపు పెంచరా?

కరీంనగర్_మామ: ఆయన కట్టేది ఇవాళ కదా!

సాయి_వరంగల్: గ్రామకంఠంలో, అంటే ఊళ్లోని ఇళ్ల జాగాలో కట్టుకో బ్రో, టెన్షన్ ఉండదు.

వెంకీ_జగిత్యాల: అక్కడ మాకున్నది రెండు గదుల జాగా.

లక్ష్మి_నిజామాబాద్: లోన్ కావాలంటే మాత్రం నాలా చేయించండి. పాస్‌బుక్ చూపిస్తే క్రాప్ లోన్ ఇచ్చారు గానీ హౌసింగ్ లోన్ మాత్రం కుదరదన్నారు. అప్పటికే మా పిల్లర్లు లేచాయి. పైన చువ్వలు తుప్పు పట్టకుండా యూరియా సంచులు చుట్టి పెట్టాం, రెండు వానాకాలాలు అలాగే ఉన్నాయి.

రైతుబిడ్డ74: నాలా అయితే ఆ పది గుంటలకు రైతు భరోసా కూడా పోతుంది. ఎకరానికి ఏడాదికి 12 వేలు, అంటే 3 వేలు ఎందుకు వదులుకోవాలి?

సాయి_వరంగల్: ఇల్లు కట్టేవాడికి 3 వేలు లెక్కా?

రైతుబిడ్డ74: దున్నేవాడికి లెక్కే.

కరీంనగర్_మామ: వెంకీ, పట్టా మీ బాపుది అన్నావు. దరఖాస్తు పెట్టాల్సింది పట్టాదారే. ఆయన ఒప్పుకున్నాడా?

వెంకీ_జగిత్యాల: అది మా ఇంటి విషయం. నేనడిగింది రూల్ గురించి.

రైతుబిడ్డ74: ఇప్పుడు అర్థమైంది. మీ అన్న దున్నుతున్నాడు, నువ్వు బయటుంటావు. రోడ్డు బిట్టు నీకు, లోపలిది ఆయనకు. అంతేనా తమ్మీ?

వెంకీ_జగిత్యాల: దుబాయ్‌లో ఎండలో పనిచేసి పంపిన పైసలతోనే ఆ బోరు పడింది, అన్న ట్రాక్టరు కిస్తీలు కట్టింది నేనే. అప్పుడు నేను బయటివాణ్నని ఎవరికీ గుర్తుకు రాలేదు. పది గుంటలు అడిగితే దొంగనా?

రైతుబిడ్డ74: పైసలు మా తమ్ముడూ పంపాడు, కాదనను. కానీ రోడ్డు బిట్టు నాలా చేయించి గేటు పెట్టాడు. నా బిట్టుకు వేరే దారి లేదు. నాట్ల టైంలో ట్రాక్టరు దించాలంటే పక్క చేను వాళ్లను బతిమాలాలి. పోయినేడు ఒడ్డు తెగిందని వాళ్లు నన్ను తిట్టిన తిట్లు నీకు తెలుసా?

వెంకీ_జగిత్యాల: మీ తమ్ముడి కోపం నా మీద తీయకండి.

లక్ష్మి_నిజామాబాద్: అక్కాచెల్లెళ్లు లేరా మీకు? తాతల భూమి అయితే వాళ్లకూ సమాన వాటా ఉంటుంది. అన్నా తమ్ముడే మాట్లాడుకుంటున్నారు!

వెంకీ_జగిత్యాల: అక్క ఉంది. తనకేం అక్కర్లేదంది.

లక్ష్మి_నిజామాబాద్: కాగితం మీద అందా?

కరీంనగర్_మామ: మీ బాపు సంతకం పెడతానన్నాడా లేదా, అది చెప్పు.

వెంకీ_జగిత్యాల: అన్న సరే అంటేనే పెడతానన్నాడు.

కరీంనగర్_మామ: మరి పాపం ఆ కార్యదర్శినెందుకు తిడుతున్నావు?

రైతుబిడ్డ74: ముందు పంపకం కాగితం రాసుకోండి. లోపలి పొలానికి బండి దారి పన్నెండు అడుగులు వదిలినట్టు, బోరు ఇద్దరిదీ అన్నట్టు అందులో రాయి. రేపే సంతకం పెడతాడు మీ అన్న.

వెంకీ_జగిత్యాల: పన్నెండు అడుగులు వదిలితే నా ఇంటికి ముందు జాగా ఏం మిగులుతుంది? మీరు అచ్చం మా అన్నలాగే మాట్లాడుతున్నారు.