కలంకారీ టచ్ టేబుల్: కింద కెమెరానా, పైన ఐఆర్ ఫ్రేమా?

కొర్లగుంట కుర్రోడు

అందరికీ నమస్తే. తిరుపతిలో ఈసీఈ ఫైనలియర్ చదువుతా ఉండా. డిపార్ట్‌మెంట్ ఎగ్జిబిషన్‌కి ఫ్రెండ్సంతా కలిసి ఒక టచ్ టేబుల్ చేస్తా ఉండాం. టేబుల్ మీద శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కనబడతాది. చుట్టూ నిలబడినోళ్ళు వేళ్ళతో గీతలు గీసి రంగులు నింపాల. ఒకడు గీస్తా ఉంటే మిగతావాళ్ళు చేతులు కట్టుకోని చూసేది మాకొద్దు. నాలుగు పక్కలా ఒకేసారి పని జరగాల, అదే మా పట్టు.

మా సారేమో "43 అంగుళాల టీవీని పడుకోబెట్టి పైన ఐఆర్ ఫ్రేమ్ తగిలించండి, అయిపోతుంది" అంటా ఉండారు. ఐఆర్ ఫ్రేమ్ అంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో వేలు ఎక్కడుందో పట్టే చట్రం. నాకు కింద ప్రొజెక్టర్, కెమెరా పెట్టి సొంతంగా చెయ్యాలని ఉంది. ప్రొజెక్టర్ కాలేజీదే ఇస్తారు. మిగతాదానికి పాతిక వేలు తేల్చినాం.

ఫ్రేమ్ అయితే అంతమంది చేతుల్ని సరిగ్గా పట్టుకుంటుందా? టేబుల్ మీద వస్తువేదైనా పెడితే అది ఏ వస్తువో తెలుస్తాదా? ఎవరు గీసింది వాళ్ళ పేరుతో విడిగా సేవ్ చెయ్యొచ్చా? మాకిచ్చిన చోటు పడమటి వరండా, మధ్యాన్నం పైన ఎండ పడతాది.

బల్లకింద మనిషి

తమ్ముడూ, అసలు సంగతి చివర్లో పడేసినావు. ఎండ!

నువ్వు చెప్పిన రెండు పద్ధతులూ ఇన్‌ఫ్రారెడ్ మీదే నడుస్తాయి. ఎండలో అది దండిగా ఉంటాది. కింద కెమెరా పెడితే ఎండ పడిన మేరంతా తెల్లగా అలుక్కుపోయి వేలు కనబడదు. ఫ్రేమ్‌కీ నేరుగా ఎండ తగిలితే తిక్క లేస్తాది, ఎవురూ ముట్టకనే టచ్‌లు కొడతాది. ముందు పొయ్యి ఒక రూము అడుగు. ఇయ్యలేమంటే ఆ వరండాకి నల్లగుడ్డ కట్టు. హాలొజెన్ ఫోకస్ లైట్లు కూడా వద్దు, ఫొటోలు తీసేవాళ్ళకి ముందే చెప్పి పెట్టు.

ఇంక పద్ధతులు. కింద కెమెరా పెట్టేదాంట్లోనే రెండు రకాలు ఉండాయి. యాక్రిలిక్ షీటు అంచుల్లోనించి ఐఆర్ ఎల్ఈడీల వెలుగు కొడితే, అది బయటికి రాకుండా షీటు లోపల్లోపలే తగులుకుంటా పోతాది. వేలు ఆనిన చోట మాత్రం చెదిరి కిందికి దిగతాది, కెమెరాకి తెల్లచుక్కగా కనబడతాది. దీన్ని ఎఫ్‌టీఐఆర్ అంటారు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఉండిన జెఫ్ హాన్ 2005లో దీని మీద పేపర్ రాసి, 2006లో టెడ్ అనే ఉపన్యాసాల వేదిక మీద డెమో చూపించినాడు. నాబోటోళ్ళకి ఈ పిచ్చి పట్టింది ఆ వీడియోతోనే. చుక్క చక్కగా పడతాది గానీ, వేలు పొడిగా ఉంటే సరిగ్గా అంటదు, పైన పల్చగా సిలికాన్ పొర కావాల. పైన పెట్టిన వస్తువు ఏదో దీనికి బొత్తిగా తెలీదు.

వస్తువులు కావాలంటే డిఫ్యూజ్డ్ ఇల్యూమినేషన్. అడుగునించి ఐఆర్ వెలుగు సమానంగా కొడతావు, షీటుకి ట్రేసింగ్ పేపర్ లాంటి పొర వేస్తావు. ఆనిన వేలూ కనబడతాది, వస్తువు అడుగున అంటించిన నలుపు తెలుపు గుర్తూ కనబడతాది. బార్సిలోనాలో పొంపేవ్ ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళు రియాక్టేబుల్ అనే సంగీతం బల్ల ఇట్లనే చేసినారు. వాళ్ళు రాసిన రియాక్టివిజన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. గుర్తు నంబరు, ఎక్కడ ఉంది, ఎంత తిరిగింది, అన్నీ చెప్తాది. కష్టమంతా ఆ సమానమైన వెలుగు దగ్గరే. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువైతే రాత్రంతా ఎల్ఈడీలు జరపతానే ఉంటావు.

కెమెరా అయితే పాత పీఎస్3 ఐ, అంటే ప్లేస్టేషన్ 3 గేముల పెట్టెకి వచ్చిన కెమెరా, దొరికితే వదలొద్దు, 640×480లో సెకనుకి 60 ఫ్రేములు ఇస్తాది. లోపల ఐఆర్‌ని ఆపే చిన్న గాజు ఫిల్టర్ ఉంటాది, అది పీకెయ్యాల. బదులుగా మామూలు వెలుగుని ఆపేది పెట్టాల. ఫొటో స్టూడియోలో పాత నెగెటివ్ రీలు నల్లటి కొస అడిగి రెండు పొరలు వేస్తే సరిపోతాది. ప్రొజెక్టర్ దూరం చాలక అద్దం పెడతావు కదా, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం పెట్టొద్దు. వెనక పూత మీద ఒక బొమ్మ, ముందు గాజు మీద ఇంకోటి పడి గీతలన్నీ జంటగా కనబడతాయి. ముందువైపే పూత ఉండే అద్దం కావాల.

ఫ్రేమ్ గురించి. అంచుల్లో ఒకపక్క ఎల్ఈడీలు, ఎదురుగా సెన్సర్లు, గాజు పైన పల్చగా ఒక వెలుగు పరుపు. రెండు వేళ్ళు ఒకే వరసలోకి వస్తే ఒకదాని నీడలో ఇంకోటి మాయం. ఇద్దరికైతే బాగుంటాది, నాలుగు పక్కలా చేతులు పడితే చుక్కలు ఎగరొచ్చు. పైగా వేలు ఆనకముందే టచ్ అంటాది. గాజులు, చీర కొంగు, చొక్కా చెయ్యి, అన్నీ దానికి వేళ్ళే. మన ఊర్లో ఎవురో ఒకరు లడ్డు కవరు బల్ల మీద పెట్టకుండా పోరు, అదీ వేలే! టీవీ కూడా పడుకోబెట్టడానికి చేసింది కాదు, వెనక గాలి ఆడేదానికి జాగా వదలాల.

ఎవరి చెయ్యి ఎవరిదో కెమెరా, ఫ్రేమ్ రెండిట్లో ఏదీ చెప్పలేదు. ఆ పని 2001లో మిత్సుబిషి వాళ్ళ పరిశోధన ల్యాబ్ మెర్ల్ చేసిన డైమండ్‌టచ్ అనే బల్ల చేసింది. బల్లలోనించి చిన్న సిగ్నల్ మనిషి ఒంట్లోంచి వాడు కూచున్న కుర్చీలోకి పోతాది, ఏ కుర్చీలోకి వచ్చిందో చూసి వేలు ఎవరిదో చెప్పేది. నువ్వు అంత దూరం పోబాక. ఒక్కో పక్కకి ఒక గుడ్డముక్క కేటాయించు, అయిపోయె.

వస్తువులు నిజంగా అవసరమైతే కెమెరా. ఉత్త వేళ్ళే అయితే సారు మాట విను.

స్వర్ణముఖి ఒడ్డు

టెక్నాలజీ నాకు తెలియదు, కలంకారీ మా ఇంటి పని. రంగు ఎంచుకుని వేలితో నింపేయడం మాత్రం పెట్టొద్దు తమ్ముడూ, మా పని అట్లా ఉండదు.

గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండేస్తాం. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. చింతబొగ్గుతో గీసి, దానిమీద కసిమితో నల్లగీత. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళే కసిమి. కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే అది నల్లబడుతుంది. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు రాస్తాం. రాసినప్పుడు దాదాపు ఏమీ కనపడదు. పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగు కాగులో ఉడకేస్తే పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపు, నీలం ఆ తర్వాతే.

చూడటానికి వచ్చినవాళ్ళు నోరు తెరిచేది ఆ కాగు దగ్గరే. మీ టేబుల్ మీద అది చూపించగలరా?

చిత్తూరు కోడర్

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక మాట. ఫ్రేమ్ అయితే విండోస్ దాన్ని మామూలు టచ్‌స్క్రీన్ అనుకుంటుంది, బ్రౌజర్‌లోనే పాయింటర్ ఈవెంట్స్‌తో (టచ్‌ల గురించి బ్రౌజర్ ఇచ్చే కబుర్లు) రాసుకోవచ్చు. రియాక్టివిజన్ అయితే టచ్‌లు, గుర్తుల సమాచారాన్ని టూయో అనే ప్రోటోకాల్‌లో, నెట్‌వర్క్ మీద యూడీపీ 3333 పోర్టుకి పంపుతుంది. బ్రౌజర్ దాన్ని నేరుగా వినలేదు, మధ్యలో దాన్ని బ్రౌజర్‌కి అర్థమయ్యేలా మార్చి అందించే చిన్న ప్రోగ్రామ్, వెబ్‌సాకెట్ బ్రిడ్జ్ ఒకటి కావాలి. పైథాన్ వచ్చు అంటే కివీ అనే లైబ్రరీ వాడండి, టూయో అందులోనే ఉంది.

కొర్లగుంట కుర్రోడు

స్వర్ణముఖి అక్కా, మీ కాగు మాటతో మొత్తం ప్లానే మారిపోయింది. వేలితో రాస్తే పటిక, ఏమీ కనబడదు. అడుగున గుర్తు అంటించిన చిన్న ఇత్తడి చెంబు కాగు అనుకోని గుడ్డ మీద పెడితే, దాని చుట్టూ పటిక ఉన్న చోటల్లా ఎరుపెక్కతాది. అంటే వస్తువులు తప్పవు, కెమెరానే. ల్యాబ్‌లో కిటికీలు మూసిన రూము ఇస్తామన్నారు.

అన్నా, గుర్తు ఎంత సైజు ఉండాల?

బల్లకింద మనిషి

చెంబు అడుగు ఎంతుంటే అంత. చిన్నదైతే 640 పిక్సెళ్ళలో చదవలేదు, నలుపు తెలుపూ కలిసిపోతాయి. కెమెరా బొమ్మ పొడుగు వైపు బల్ల పొడుగు వైపుకి సరిపోయేట్టు కెమెరా తిప్పి పెట్టుకో, లేకుంటే సగం పిక్సెళ్ళు బల్ల బయట వృథా. అడుగు చదునుగా ఉండాల, చెంబులకి మధ్యలో గుంట ఉంటాది, కార్డుబోర్డు బిళ్ళ అంటించి దానిమీద గుర్తు అంటించు. చెంబుని జర్రుమని లాగితే గుర్తు మసకబారి కాసేపు కనబడకుండా పోతాది. పోయిన వెంటనే ఎరుపు ఆపేయొద్దు, అర సెకను ఓపిక పట్టేట్టు రాయి.

చెంబుకి దారం కట్టి బల్లకి బిగించు. ఎగ్జిబిషన్ అన్నాక ఇత్తడి చెంబు సాయంత్రం దాకా నిలవదు.