లిగ్నం వైటే: ఇప్పటికీ వాడదగిన కర్రేనా?

రంపపుపొట్టు:
పాత కొయ్యసుత్తి తల ఒకటి దొరికింది. గుప్పెడంత ముక్క. తేలుతుందేమోనని బకెట్టు నీళ్లలో వేస్తే గులకరాయిలా అడుగుకు పోయింది. తెలిసినవారు చూసి లిగ్నం వైటే అన్నారు. ఘనపు మీటరు సుమారు 1,250 కిలోలు తూగే కర్ర మరి, మునగక ఏం చేస్తుంది! కొత్త దుంగముక్క కొని నీటి పంపుకు బేరింగు చేసుకుందామని ఉంది. తప్పంటారా?

తరిమెన:
తప్పెందుకండీ? నీళ్లలో తిరిగే ఇరుసుకు దీన్ని మించిన కర్ర లేదు. చేవ నిండా బంక ఉంటుంది, ఆ బంకే కందెన. పీచు ఒక పొర ఇటు, ఒక పొర అటు తిరిగి అల్లుకుని ఉంటుంది కాబట్టి చీలదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు గడియారాల పనివాడు జాన్ హారిసన్ నూనె అక్కర్లేని గడియారాలు చేసింది దీని ధైర్యంతోనే. 1954లో నీటిలోకి దిగిన తొలి అణు జలాంతర్గామి నాటిలస్‌కూ ఇరుసు బేరింగులు ఈ కర్రవే.

పచ్చనాకు:
ఆ గొప్పే చెట్టు కొంప ముంచింది. పది మీటర్లు దాటడమే అరుదు, పెరగడం నత్తనడక. 16వ శతాబ్దంలో కరీబియన్ దీవుల నుంచి సిఫిలిస్ మందని యూరప్‌కు తరలించారు. రోగం తగ్గలేదు, చెట్లు తగ్గాయి. తరవాత ఓడల కప్పీలు, బౌలింగు బంతులు. 2003 నుంచి ఈ చెట్టు చేరిన గయాకం ప్రజాతి మొత్తం సైటిస్ (ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది.

తరిమెన:
రెండో అనుబంధమంటే నిషేధం కాదు, అనుమతి పత్రంతో కొనవచ్చు. దీని బదులు వేసే ప్లాస్టిక్ బేరింగు అరిగి నీళ్లలో కలిస్తే ఫరవాలేదా?

పచ్చనాకు:
పత్రం ఉన్నంత మాత్రాన నరికిన చెట్టు మళ్లీ లేవదు గదా! పైగా ఆ పేరుతో అమ్మేదంతా అసలుది కాదు. దక్షిణ అమెరికా బుల్నేసియా కర్రనూ అదే పేరుతో అంటగడతారు. రెండూ మన కాళ్లకు గుచ్చుకునే పల్లేరు కుటుంబానివే, అది వేరే సంగతి.

ఇరుసు:
అడవి మాట అటుంచండి. రంపపుపొట్టు గారూ, మీ పంపు ఏడాదంతా నడుస్తుందా?

రంపపుపొట్టు:
లేదండీ, మూడు నాలుగు నెలలే. మిగతా కాలం ఎండుతూ ఉంటుంది.

ఇరుసు:
అయితే వాదనే అక్కర్లేదు. ఈ బేరింగు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండితే కుంచించుకుని పగుళ్లు తీస్తుంది, తడిస్తే ఉబ్బి ఇరుసును పట్టేస్తుంది. ఆనకట్టల టర్బైన్లలో అది నెగ్గుకొచ్చిందంటే నీళ్లు విడవవు కాబట్టి. మీకు రబ్బరుదే నయం, ఇసుక నీళ్లనూ ఓర్చుకుంటుంది.

తరిమెన:
ఎండే పంపు అని ముందే చెబితే నేనూ వద్దనేవాణ్ని. ఏడాది పొడుగునా నీళ్లలో ఉండేదానికి మాత్రం నా మాట మారదు.

రంపపుపొట్టు:
సరే, రబ్బరే వేస్తాను. సుత్తి తలకు కొత్త పిడి పెట్టబోతే జిగురు అంటడం లేదు. నిన్న ఉలితో గీసినచోట గోధుమరంగులో ఉంది, ఇవాళ చూస్తే ఆకుపచ్చకు తిరిగింది!

తరిమెన:
గాలి, వెలుతురు తగిలితే అంతే. జిగురుకు అడ్డం ఆ బంకే. అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే ఎపాక్సీ జిగురు పెట్టి చూడండి. అసలు జిగురెందుకు, పిడి కొస చీల్చి చీల దిగ్గొట్టండి.