అప్‌డేట్: బావగారింటికి వెళ్లొచ్చాను

పోయిన నెల మిమ్మల్ని అడిగాను, గుర్తుందా? మా బావగారు చీటీ డబ్బు 1,80,000 ఎగ్గొట్టారు, ఆయన్ని క్షమిస్తే దేవుడు మా అబ్బాయి ఉద్యోగం సంగతి చూస్తాడా అని.

మీలో ఒకరు బైబిల్లో యోబు గ్రంథం మొదటి అధ్యాయం చదవమన్నారు. యోబు ఏ లాభమూ లేకుండా ఊరికే దేవునికి భయపడుతున్నాడా అని సాతాను అడిగిన చోట ఆగిపోయాను. నేనైతే ఊరికే కాదు మరి! ప్రతి ఉపవాస ప్రార్థనకూ లోపల పద్దు రాసుకుంటున్నాను. లూకా సువార్త 15లో తప్పిపోయిన కుమారుడి అన్న, ఆ పెద్ద కొడుకూ అంతే. ఇన్నేళ్లు చాకిరీ చేస్తే మేకపిల్లయినా ఇవ్వలేదని తండ్రి మీద అలుగుతాడు. తప్పిపోయిన కుమారుడి గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఈయన్ని పట్టించుకున్నది ఇప్పుడే.

ఆదివారం ఆరాధన అయ్యాక మధురవాడ నుంచి గాజువాక బయల్దేరాను. బస్సులో ఒకటే టెన్షన్. ఎన్‌ఏడీ జంక్షన్‌లో దిగి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. బావగారే తలుపు తీశారు. స్టీలు గ్లాసుతో టీ ఇస్తుంటే చెయ్యి వణికి కాస్త నా చీర మీద ఒలికింది. "ఆ డబ్బు..." అని మొదలుపెట్టారు.

"వదిలేయండి బావగారూ, టీ చల్లారిపోతుంది" అన్నాను. దారంతా బట్టీపట్టిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

కోపం పోయిందంటే అబద్ధం. రాత్రికి మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన పేతురుతో ప్రభువు చెప్పిన డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఇంటూ ఏడు సార్లు, ఒక్క తప్పుకే సరిపోతాయేమో! చీటీ మాత్రం ఆయన దగ్గర మళ్లీ వేయను, అది వేరే సంగతి.

అబ్బాయికి ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ వారం కృతజ్ఞత కానుక వేశాను. కవరు మీద కారణం రాయలేదు.