స్పెషల్ ఆర్డర్ పీసీ: అడ్వాన్స్ కట్టే ముందు ఏం రాయించుకోవాలి?

ప్రశ్న:
సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఒక షాపులో రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్‌తో పీసీ చేయించుకోవాలండి. లేని పార్టులు తెప్పించడానికి సగం అడ్వాన్స్ కట్టాలట, ఆర్డర్ పెట్టాక రద్దు కుదరదట. ఏం చూసుకోవాలి?

జవాబు 1:
కొటేషన్‌లో ఉత్త "32 జీబీ ర్యామ్" అని ఉంటే ఒప్పుకోకండి. 16 జీబీ స్టిక్కులు రెండు, 6000 స్పీడు, సీఎల్30 (ర్యామ్ స్పందించడంలో ఆలస్యాన్ని చెప్పే అంకె) అని పూర్తి మోడల్ నంబరుతో రాయించండి. ఒక్కటే 32 స్టిక్ పెడితే బ్యాండ్‌విడ్త్ (డేటా వెళ్లే వేగం) సగమవుతుంది. పార్టు దొరక్కపోతే మిమ్మల్ని అడగకుండా వేరేది పెట్టకూడదని, ఫలానా తేదీ దాటితే అడ్వాన్స్ వాపసు ఇవ్వాలని రసీదు మీదే ఉండాలి. నోటిమాటను నమ్ముకోకండి.

జవాబు 2:
అసలు చిక్కు బయోస్‌తో, అంటే పీసీని మొదలుపెట్టే బోర్డులోని సాఫ్ట్‌వేర్‌తో. బీ650 బోర్డులు 2022లో వచ్చాయి, 9700ఎక్స్ 2024 ఆగస్టులో. పాత స్టాకు బోర్డయితే దాని బయోస్ ఈ ప్రాసెసర్‌ని గుర్తించక డిస్‌ప్లే రాకపోవచ్చు. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న మోడలే తీసుకోండి, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ అవుతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకోవడం) వల్ల కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, కంగారుపడి ఆపేయకండి.

ప్రశ్న అడిగినవారు:
గ్రాఫిక్స్ కార్డు పొడవు 330 మి.మీ., ఖాళీ కేబినెట్లో దానికి చోటు 360. లిక్విడ్ కూలర్ కూడా ఉంది.

జవాబు 2:
కూలర్ రేడియేటర్‌ని కేబినెట్ ముందు వైపు బిగిస్తే దాని మందం 27, ఫ్యాన్ 25, మొత్తం 52 పోతుంది. మిగిలేది 308, కార్డు పట్టదు. పైన బిగించమనండి.

జవాబు 3:
బిల్లులో "అసెంబుల్డ్ పీసీ 1" అని ఒకే లైను వేయనివ్వొద్దు. వారంటీ పార్టు పార్టుకీ వేరు, సీరియల్ నంబర్లన్నీ రాయించండి.