లాంచ్‌లో యాక్సిల్ మెలితిరిగింది, ముందు ఏం మార్చాలి?

అన్నలూ, నాది 1991 ఫోర్డ్ మస్టాంగ్ కారు, 5.0 లీటర్ల ఇంజిన్. డాలస్ దగ్గర ఎన్నిస్ డ్రాగ్ రేస్ ట్రాక్‌లో మొన్న స్లిక్ టైర్లతో (గాళ్లు లేని, గట్టి పట్టుండే రేస్ టైర్లు) మొదటి రన్. లాంచ్‌లో, అంటే ఆగున్న బండిని ఒక్కసారిగా వదలగానే, వెనక చక్రాలు దడదడా ఎగిరాయి, టక్‌మంది, బండి అక్కడే నిలబడిపోయింది. విప్పి చూస్తే కుడి యాక్సిల్ స్ప్లైన్లు (దాని చివర ఉండే పళ్లు) జడలా మెలితిరిగున్నాయి. ముందు యాక్సిలా, సస్పెన్షనా?

— తమ్ముడూ, 8.8 అంగుళాల హౌసింగ్ (వెనక యాక్సిళ్లు, డిఫరెన్షియల్ ఉండే పెట్టె) ఉంచేసుకో. 28 స్ప్లైన్ యాక్సిళ్లు తీసి 31 స్ప్లైన్‌వి వేసుకో. డిఫరెన్షియల్ (రెండు యాక్సిళ్లకూ శక్తి పంచే గేర్లు) కూడా 31 స్ప్లైన్‌దే కావాలి. అది మర్చిపోయి నేను రెండుసార్లు ఆర్డర్ పెట్టా! యాక్సిల్‌ను లోపల పట్టుంచే సీ-క్లిప్‌లు కూడా తీసేయించి, బయటి వైపు పట్టు పెట్టించు. యాక్సిల్ విరిగితే చక్రంతో సహా బయటికొచ్చేస్తుంది.

— అసలు రోగం ఆ ఎగరడమే. యాక్సిల్‌ను బాడీకి కలిపే ఆర్మ్‌ల చివర్ల రబ్బరు బుష్‌లు నలిగుంటాయి, రేకు లోయర్ (కింది) ఆర్మ్‌లు వంగుతాయి. నాలుగు వైపులా మూసిన గట్టి బాక్స్ ఆర్మ్‌లు వేసుకో. పై ఆర్మ్‌లకు మాత్రం పాలియురెథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు వద్దు, బిగుసుకుపోతాయి.

— థాంక్స్ అన్నా. ఈ నెల ఆర్మ్‌లకే డబ్బులు. యాక్సిల్ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.