ఇంగ్లీష్ రీడర్లో అమ్మ ఎప్పుడూ వంటింట్లోనేనా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. స్కూల్లో ఇచ్చిన ఇంగ్లీష్ రీడర్లో డాక్టర్, పైలట్, రైతు అందరూ మగవాళ్లే. అమ్మ వండుతుంది, నాన్న పేపర్ చదువుతాడు. గ్రామర్ కోసం రాసిన వాక్యాలే కదా అని వదిలేయాలా, టీచర్‌తో మాట్లాడాలా?

జవాబు 1: మాట్లాడండి. కొత్త భాషలో పిల్లలు ఒకే వాక్యాన్ని చదివి, రాసి, అప్పజెప్పి బుర్రలోకి ఎక్కించుకుంటారు, అందుకే ఇది చిన్న విషయం కాదు. 1984లోనే కేరెన్ పొరెకా అనే పరిశోధకురాలు ఇంగ్లీష్ నేర్పే పుస్తకాలు పరిశీలించి, వాటిలో మగవాళ్ల ప్రస్తావనే ఎక్కువని, ఇద్దరినీ కలిపి చెప్పినప్పుడు మగవాళ్ల పేరే ముందు వస్తోందని చూపించారు.

జవాబు 2: రైతు మగవాడేనట! మన దగ్గర వరి నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే కదండీ. ఆ బొమ్మ వేసినవాళ్లు ఒక్కసారి పొలం గట్టు మీదికి వచ్చి చూడాలి.

జవాబు 3: నేను ఇంగ్లీష్ టీచర్ని. 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో కొబ్బరి తురిమే నాన్న బొమ్మ వేశారు, చాలా సంతోషమేసింది. కానీ బొమ్మలు మారిస్తే సరిపోదు, సంభాషణల్లో ప్రశ్న ఎవరు అడుగుతున్నారు, జవాబు తెలిసినవాళ్లుగా ఎవరిని చూపిస్తున్నారు అన్నదీ చూడాలి. పుస్తకం మారేదాకా ఆగక్కర్లేదండీ. నేను అదే వాక్యంలో అమ్మ, నాన్నల చోట్లు మార్చి చదివిస్తాను, గ్రామర్‌కి ఏ లోటూ రాదు, పైగా సర్వనామాలు బాగా వస్తాయి.