గర్భంతో ఉన్నప్పుడు పడే ఆందోళన బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తుందా?

ప్రశ్న (కావలి నుంచి)

నాకు ఆరో నెల నడుస్తోంది. అల్లూరు వైపు మేము కౌలుకు చేస్తున్న రొయ్యల గుంటలకు వైట్ స్పాట్ అనే వైరస్ రోగం తగిలి పంట మొత్తం పోయింది. మేత కొట్టు వాళ్ల ఫోను మోగితే చాలు, నాకు గుండె దడ మొదలవుతుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే మళ్లీ తెల్లవారేదాకా నిద్ర పట్టదు. నేను ఏడిస్తే అది కడుపులో బిడ్డకు తగులుతుందని మా అత్తగారు అన్నప్పటి నుంచి ఏడవడానికి కూడా భయంగా ఉంది. స్కానింగులో అంతా బాగుందన్నారు. నా దిగులు వల్ల బిడ్డకు నిజంగా హాని జరుగుతుందా?

జవాబు (నెల్లూరు, కాన్పుల వార్డులో నర్సు)

అమ్మా, ఏడ్చినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. ఆందోళనలో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మాయలో (కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే భాగం) ఉండే ఒక ఎంజైము అందులో ఎక్కువ భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది కాబట్టి తల్లి ఒంట్లో ఉన్నదంతా బిడ్డకు చేరదు. అయితే తీవ్రమైన ఒత్తిడి నెలల తరబడి సాగితే ఈ కాపుదల కొంత సడలవచ్చు. అలాంటి తల్లులలో నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం కొంత ఎక్కువగా కనిపిస్తాయి.

1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో మంచు తుపాను వచ్చి, కొన్ని ఇళ్లకు 40 రోజులకు పైగా కరెంటు లేకుండా పోయింది. అప్పుడు గర్భంతో ఉన్నవారి పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించగా, ఎక్కువ కష్టాలు పడిన తల్లుల పిల్లలకు మాటల్లో, తెలివితేటల పరీక్షల్లో సగటున కొంత తక్కువ మార్కులు వచ్చాయి. సగటు అన్న మాట గమనించండి, ఏ ఒక్క బిడ్డ భవిష్యత్తునూ అది చెప్పదు. పుట్టిన తరువాత దొరికే పాలు, ఆదరణ, మాటలు కూడా మెదడు ఎదుగుదలను నడిపిస్తాయి.

నన్ను కలవరపెట్టేది మీ నిద్రలేమి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకుండా, దేనిమీదా మనసు నిలవకుండా ఉంటే అది వైద్యం చేయించుకోవలసిన దిగులు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే పరీక్షల్లో, బీపీ చూపించుకోవడంతో పాటు ఈ సంగతి కూడా నోరు తెరిచి చెప్పండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

జవాబు (పొదిలి నుంచి)

చెల్లెమ్మా, నేను గర్భంతో ఉన్నప్పుడు బత్తాయి తోట ఎండిపోయి, ఆ దిగులుతో అన్నం సరిగా తినక, ఐరన్ మాత్రలు పక్కన పెట్టేశాను. రక్తం తగ్గిపోయిందని ఆశా కార్యకర్త గట్టిగా మందలించాకే మళ్లీ మొదలుపెట్టాను. అప్పుల వాళ్ల ఫోన్లు మీ ఆయనే ఎత్తాలి, ఆ ఫోను మీ గదిలో ఉండకూడదు. అత్తగారిని కూడా ఒకసారి డాక్టరు దగ్గరకు వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

నిద్ర కోసం మందుల షాపులో మాత్రలు తెచ్చుకోవచ్చా అక్కా?

జవాబు (నెల్లూరు)

వద్దమ్మా. మందు అవసరమా, అవసరమైతే ఏది అన్నది మీ నెలలు చూసి డాక్టరే నిర్ణయించాలి. చాలామందికి ముందు కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతారు. ఈలోగా బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా 9వ తేదీ దాకా ఆగకుండా వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి రండి.